మూడవ పిన్ను

మోషే ధర్మశాస్త్రంలో ఇల్లు కట్టుకొనేవారికి ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. మిద్దె వేసుకొన్నవాడు దాని అంచున అడ్డుగోడ లేపాలని, లేపకపోతే అక్కడనుండి పడి చనిపోయినవాని విషయంలో ఆ ఇంటిమీదికే దోషం వస్తుందని దాని భావం. ఆ దేశంలో మిద్దె అంటే ఎండలు తగ్గాక కూర్చునే చోటు, పంట ఆరబెట్టుకొనే చోటు. రాహాబు వేగులవారిని దాచింది మిద్దెమీదనే. యొప్పేలో పేతురు ప్రార్థన చేసికొన్నది మిద్దెమీదనే. మనుష్యులు తిరిగే చోటు కనుక అపాయమూ అక్కడే ఉండేది. పడినవాడు తన అజాగ్రత్తవల్ల పడ్డాడని చెప్పి ఇంటి యజమానుడు చేతులు దులుపుకొనడానికి ఈ ఆజ్ఞ వీలివ్వదు.

ఈనాడు మన ఇండ్లలో అందరి చేతులూ పడే చోటు స్విచ్ బోర్డు. వంటింట్లో మిక్సీ, దొడ్లో బోరు మోటారు, వేసవిలో ఇనుప కూలరు, చలికాలంలో నీళ్లు కాచే హీటరు కడ్డీ. పూరింటికి కూడా కరెంటు వచ్చింది, సంతోషమే. అయితే విద్యుత్ ఘాతంవల్ల మన దేశంలో ఏటా పది వేలమందికి పైగా చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఊళ్లో అటువంటి మరణం జరిగినప్పుడు భూస్థాపన దగ్గర ఒక మాట తప్పక వినబడుతుంది: "ఆయుష్షు అంతవరకే." దుఃఖంలో ఉన్నవారితో ఎవరూ వాదించకూడదు. కాని తరువాత ఎప్పుడైనా ఆ ఇంటి ప్లగ్గు విప్పి చూడండి. మూడు పిన్నులు ఉండవలసిన చోట రెండే ఉంటాయి. లేదా మూడవ పిన్ను ఉంటుంది గాని, లోపల దానికి ఏ తీగా తగిలించి ఉండదు. దానిని దేవుడు ఊడదీయలేదు.

ఎర్తు తీగ ఏమి చేస్తుంది?

ఫేజు తీగలో కరెంటు వస్తుంది, న్యూట్రలు తీగలో తిరిగి పోతుంది. దీపం వెలగడానికీ ఫ్యాను తిరగడానికీ ఈ రెండే చాలు. మూడవదైన ఎర్తు తీగకు మామూలు రోజుల్లో పనే లేదు. దాని ఒక కొస పరికరం ఇనుప ఒంటికి, రెండవ కొస ఇంటి బయట నేలలో పాతిన గొట్టానికి కలిపి ఉంటుంది. ఇస్త్రీ పెట్టెలోనో గ్రైండరులోనో లోపలి వైరు తొడుగు చెడి, ఇనుప ఒంటికి తగిలిన రోజున దానికి పని పడుతుంది. కరెంటు అంతా సుళువైన ఆ దారిన ఒక్కసారిగా పారుతుంది. ఫ్యూజు కాలిపోతుంది. "మళ్లీ ఫ్యూజు పోయిందే" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుగుతోనే గండం గడుస్తుంది.

ఎర్తు తీగ లేని ఇంట్లో అదే సంగతి జరిగితే ఫ్యూజు పోదు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఇనుప ఒంటిమీద 230 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. గిన్నెలు తోముకొంటూ తడి చేతులతో, వట్టి కాళ్లతో వచ్చి ముట్టుకొన్న తల్లి శరీరమే అప్పుడు ఎర్తు తీగ అవుతుంది.

చిక్కంతా ఇక్కడ ఉన్నది. న్యూట్రలు ఊడితే దీపం ఆరిపోతుంది, వెంటనే మెకానిక్కును పిలుస్తాం. ఎర్తు ఊడితే మిక్సీ తిరుగుతూనే ఉంటుంది, ఫ్రిజ్జు చల్లగానే ఉంటుంది, ఏళ్లు గడిచినా తెలియదు. పనిచేస్తున్నది కదా అని మనం క్షేమంగా ఉన్నామనుకొంటాం. ఒక్క గుర్తు మాత్రం కొన్ని ఇండ్లలో కనిపిస్తుంది: ఫ్రిజ్జు తలుపు ముట్టుకొంటే చేయి జిల్లుమంటుంది. దానికి మనవాళ్లు చేసే వైద్యం ఏమిటో మీకు తెలుసు. ఫ్రిజ్జు ముందు గోనెపట్టానో చెక్కపీటో వేస్తారు, "చెప్పులు వేసుకొని తియ్యమ్మా" అని కోడలికి చెబుతారు. ఆ జిల్లు ఎర్తు లేదని చెప్పే హెచ్చరిక. చెప్పులు వేసుకొనడం తెలియని మూడేళ్ల మనుమడు కూడా ఆ ఇంట్లోనే తిరుగుతున్నాడు.

ఇప్పుడు ప్లగ్గును చేతిలోకి తీసికొని చూడండి. పైపిన్ను మిగిలిన రెంటికంటె పొడవుగా, లావుగా ఉంటుంది. పొడవు ఎందుకంటె, పెట్టేటప్పుడు అన్నిటికంటె ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివరిగా అదే వదలాలి. కరెంటు రాకముందే కాపలా వచ్చి, కరెంటు పోయాకే కాపలా పోవాలన్నమాట. లావు ఎందుకంటె, పొరపాటున కూడా అది ఫేజు రంధ్రంలో దూరకూడదు. మంచి సాకెట్లలో కింది రెండు రంధ్రాలకు లోపల చిన్న మూతలుంటాయి. పైపిన్ను లోపలికి పోతేనే అవి తెరచుకొంటాయి. పాకే పిల్లవాడు మేకునో తలపిన్నునో అందులో దూర్చకుండా ఈ ఏర్పాటు.

మనిషిని చంపడానికి ఎంత కరెంటు కావాలో కూడా తెలిసికొనండి. ఆంపియరులో వెయ్యోవంతును మిల్లీ ఆంపియరు అంటారు. సుమారు ఒక మిల్లీ ఆంపియరు ఒంట్లో పారితే చీమ కుట్టినట్లు ఉంటుంది. పదికి మించితే చేతి కండరాలు బిగుసుకొని, పట్టుకొన్నదాన్ని విడవలేరు. చూసేవారికి "కరెంటు పట్టుకొన్నది" అని అనిపించేది అందుకే. ముప్పై దాటి కొద్ది క్షణాలు పారితే ఊపిరికీ గుండెకూ ముప్పు మొదలవుతుంది. రాత్రి పడకగదిలో వేసుకొనే పాతకాలపు 15 వాట్ల చిన్న బల్బు 65 మిల్లీ ఆంపియర్లు తీసికొంటుంది. పసిబిడ్డ నిద్రకోసం వెలిగించే మసక దీపానికి సరిపోయే కరెంటు ఒక ప్రాణం తీయడానికి చాలు.

దేశానికొక ప్లగ్గు

మన ఊళ్లకు ఈ మధ్య ఇంకొక తంటా వచ్చి చేరింది. గల్ఫు నుండి, ఇంగ్లండు నుండి, అమెరికా నుండి మన బిడ్డలు తెచ్చే సామాన్ల ప్లగ్గులు మన సాకెట్లలో పట్టవు. ఇన్ని రకాలు ఎందుకు వచ్చాయో కొంచెం చెప్పుకొందాం.

మొదట్లో కరెంటు ఇండ్లకు వచ్చింది దీపాలకోసమే. గోడకు సాకెట్టు అనేది లేదు. ఇస్త్రీ పెట్టె వంటివి వచ్చినప్పుడు బల్బు తీసి, ఆ హోల్డరులోనే వాటి తీగ బిగించేవారు. అమెరికాలో హార్వీ హబ్బెల్ అనే ఆయన సుళువుగా పెట్టి తీయగల ప్లగ్గుకు 1904లో పేటెంటు పొందాడు. తరువాత ఒక్కొక్క దేశం తనకు తోచినట్లు ఒక్కొక్కటి చేసికొన్నది. ఒకరి సరుకు ఇంకొకరి ఇంటికి వస్తుందని అప్పుడు ఎవరు ఊహించారు?

మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు తెల్లదొరల కాలంలో వచ్చింది. ఇంగ్లండులో 1934లో ప్రచురించిన ప్రమాణం దానికి మూలం. చిన్నది 5 ఆంపియర్లకు, పెద్దది 15 ఆంపియర్లకు. మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 1293 ప్రకారం ఇప్పుడు వాటిని 6, 16 ఆంపియర్లుగా లెక్కిస్తున్నారు. శ్రీలంక, నేపాలు, దక్షిణాఫ్రికా దేశాల్లో కూడా ఈ కుటుంబపు ప్లగ్గులు కనిపిస్తాయి.

చిత్రమేమిటంటె, మనకు దానిని ఇచ్చిన ఇంగ్లండు తాను మాత్రం దానిని వదలిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే, యుద్ధం తరువాత కట్టబోయే ఇండ్లలో వైరింగు ఎలా ఉండాలో ఆలోచించడానికి 1942లో అక్కడ ఒక కమిటీ ఏర్పడింది. అందులో ఒకే ఒక స్త్రీ ఉన్నది, ఆమె పేరు కరోలిన్ హాస్లెట్. ఇంజనీరుగా పనిచేసి, గృహిణులకు విద్యుత్తు గూర్చి నేర్పే సంఘాన్ని నడిపిన మనిషి. ఇంట్లో తిరిగే ఆడవారి, పసిపిల్లల క్షేమం ఆమె ప్రత్యేక శ్రద్ధ. ఆ కమిటీ ఆలోచనల ఫలితంగా 1947లో బల్లపరుపు పిన్నుల కొత్త ప్లగ్గు వచ్చింది. దాని సాకెట్టుకు మూతలు తప్పనిసరి చేశారు, ప్లగ్గు లోపలనే ఒక చిన్న ఫ్యూజు పెట్టారు. వంటిల్లు తెలిసినవారు కమిటీలో ఒక్కరైనా ఉంటే ఎంత మేలో చూడండి. మన సంఘ కమిటీలు కూడా ఈ మాట ఆలోచించవచ్చు.

ఆ ఇంగ్లండు ప్లగ్గే కువైటు, కతారు, బహ్రెయిను, ఒమాను, దుబాయి దేశాల్లో వాడుతున్నారు. జర్మనీ మొదలైన దేశాల ప్లగ్గుకు రెండే గుండ్రటి పిన్నులు; ఎర్తు తీగ దాని పక్కలనున్న రేకులద్వారా కలుస్తుంది. అమెరికా వారికి పలుచని రేకు పిన్నులు, కరెంటు కూడా 120 వోల్టులే. ప్రపంచమంతటికీ ఒకే ప్లగ్గు ఉండాలని 1986లో అంతర్జాతీయ సంస్థవారు ఒక నమూనా ప్రకటించారు గాని, దానిని పట్టించుకొన్నవి బ్రెజిలు, దక్షిణాఫ్రికాలే. గోడల్లో బిగించిన కోట్లాది సాకెట్లను ఎవరు పీకి పారేస్తారు?

పరదేశపు సామాను ఇంటికి వచ్చినప్పుడు

గోదావరి జిల్లాల్లో, కడప ప్రాంతంలో, కరీంనగర్ వైపు గల్ఫుకు వెళ్లినవారు లేని పల్లె అరుదు. కువైటులో ఇంటిపని చేస్తున్న అక్క రెండేళ్లకొకసారి సెలవుమీద వచ్చి ఇస్త్రీ పెట్టె, మిక్సీ, జుట్టు ఆరబెట్టే యంత్రం తెస్తుంది. ఆమె చెమట ఖరీదు అది. ప్లగ్గు పట్టకపోతే ఏమి చేస్తారు? ఇంట్లో కుర్రవాడు కత్తెర తెచ్చి ప్లగ్గు నరికేసి, ఉన్న రెండు తీగలను సాకెట్టు రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలు బిగిస్తాడు. ఆకుపచ్చ పసుపుపచ్చ చారల తీగ ఒకటి మిగులుతుంది. "ఇది దేనికో" అని వెనక్కి మడిచి టేపు చుట్టేస్తాడు. ఆ తీగే మూడవ పిన్నుది.

ప్లగ్గు మార్చకూడదని నేను చెప్పడం లేదు. నిజానికి నిదానంగా మార్చుకొనడమే మంచిది. ఐ.ఎస్.ఐ. గుర్తున్న మూడు పిన్నుల మన ప్లగ్గు తెచ్చి, తెలిసినవాని చేత బిగించుకొనండి. గోధుమరంగు తీగ ఫేజుకు, నీలం న్యూట్రలుకు, పచ్చ పసుపు చారలది ఎర్తుకు. రంగులు గుర్తుపట్టలేని చూపుగలవారికి కూడా తెలియాలని ఎర్తు తీగకు ఆ రెండు రంగుల చారలు పెట్టారు. మన పాత ఇండ్ల గోడల్లో మాత్రం ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు. అమెరికా వైర్లలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు! నలుపు చూసి న్యూట్రలు అనుకొని ముట్టుకొనేవాడు ప్రాణంతో ఆడుకొంటున్నాడు. ఇంగ్లండు ప్లగ్గు తీసేస్తే దానితోపాటు లోపలి ఫ్యూజు కూడా పోతుందని జ్ఞాపకముంచుకొనండి. అందువల్ల మన మెయిన్ దగ్గర ఫ్యూజు సరియైనదై ఉండాలి. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని లావు రాగి తీగ చుట్టే ఇండ్లలో ఇది మరీ అపాయం.

జర్మనీ రకం ప్లగ్గు సంగతి ఇంకా మోసకరం. దాని పిన్నులు మన చిన్న సాకెట్టు రంధ్రాలకంటె కాస్త సన్నం. పైరంధ్రంలో పెన్నో పుల్లో పెట్టి మూతలు తెరిస్తే లోపలికి దూరుతుంది, యంత్రం పనిచేస్తుంది. ఎర్తు మాత్రం ఎక్కడా తగలదు. సెల్‌ఫోను ఛార్జర్ల రెండు పిన్నులు ఇంకా సన్నం, నాలుగు మిల్లీమీటర్లే. మన సాకెట్టు 5.1 మిల్లీమీటర్ల పిన్నుకు చేసినది. వదులుగా ఉన్నచోట నిప్పురవ్వలు లేస్తాయి, సాకెట్టు వేడెక్కుతుంది, ప్లాస్టిక్కు నల్లబడుతుంది. చిన్న ఛార్జరుకు ఇది పెద్ద నష్టం చేయదు గాని ఇస్త్రీ పెట్టెకూ హీటరుకూ ఇల్లు తగలబెట్టగలదు. అన్ని దేశాల ప్లగ్గులూ పడతాయని చెప్పి అమ్మే వెడల్పు రంధ్రాల బోర్డులను బరువైన సామానుకు వాడవద్దని నా సలహా. అన్నీ పట్టేది ఏదీ గట్టిగా పట్టదు.

రెండు పిన్నుల ప్లగ్గులన్నీ చెడ్డవేనా? కావు. పరికరం వెనుక చీటీమీద ఒక చదరంలో ఇంకొక చిన్న చదరం గీసి ఉంటే, దానికి రెండు పొరల తొడుగు ఉన్నదని, ఎర్తు అక్కరలేదని అర్థం. ఛార్జర్లు, రేడియోలు, జుట్టు ఆరబెట్టే యంత్రాలు చాలావరకు అటువంటివే. ఆ గుర్తు లేని ఇనుప ఒళ్లు గల ఏ సామానుకైనా ఎర్తు కావాలి.

ఇంకొక మాట. ప్లగ్గు మార్చే చిన్న పెట్టె, అడాప్టరు అంటారే, అది ఆకారం మారుస్తుంది గాని వోల్టులు మార్చదు. అమెరికా నుండి వచ్చిన 120 వోల్టుల ఇస్త్రీ పెట్టెను మన 230 వోల్టులకు తగిలిస్తే అది రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. క్షణాల్లో మాడిపోతుంది. సౌదీలో కూడా ఇండ్లకు చాలాకాలం 127 వోల్టులే ఇచ్చేవారు. 2010 తరువాత 230కి మారుతూ వచ్చారు. అక్కడి పాత సామాను ఎవరైనా ఇస్తే ముందు చీటీ చూడండి. "ఇన్‌పుట్" అనే ఆంగ్ల మాట పక్కన 100-240 అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. 110 అనో 127 అనో మాత్రమే ఉంటే మన సాకెట్టు దగ్గరికి తీసికొని పోవద్దు. అమెరికాలోను సౌదీలోను కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మనకు 50. అందువల్ల మోటారున్న కొన్ని యంత్రాలు ఇక్కడ నెమ్మదిగా తిరిగి ఎక్కువ వేడెక్కుతాయి.

మన పల్లెల్లో మనం చేసే పనులు

అంతా పరదేశపు సామాను తప్పని అనుకొనవద్దు. మన సొంత పనులు తక్కువేమీ కాదు. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్టులో పట్టడానికి బజారులో ఒక మార్పు ప్లగ్గు అమ్ముతారు. 6 ఆంపియర్ల సాకెట్టు మోయగలిగింది సుమారు 1,380 వాట్లు. 1,500 వాట్ల హీటరు కడ్డీని, 2,000 వాట్ల గీజరును దానికి తగిలిస్తే గోడలోని వైరే పొయ్యి అవుతుంది. హీటరు కడ్డీ గూర్చి ఇంకొకటి: నీళ్లు కాగాయో లేదో స్విచ్చి ఆపకుండా వేలు పెట్టి చూడడం ఎందరి ఇండ్లలో లేదు? ముందు స్విచ్చి ఆపాలి, తరువాత ప్లగ్గు తీయాలి, ఆ తరువాతే బకెట్టు ముట్టాలి. ఇనుప బకెట్టు అసలే వద్దు.

కూలరులో నీళ్లు పోసేటప్పుడు కూడా ఇదే వరుస. ఇనుప పెట్టె, అందులో నీళ్లు, ఆ నీళ్లలో చిన్న మోటారు, కింద తడిసిన గచ్చు. ఎర్తు లేని కూలరంత అపాయకరమైనది పల్లెటూరి ఇంట్లో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

బట్టలు ఆరవేసే దండెం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటె ఇందులో ఎక్కువగా పోతున్నది మన అక్కచెల్లెళ్లు. స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు వైరును ఒక ఇనుప తీగ మోస్తూ ఉంటుంది. గాలికి ఊగి ఊగి, ఎండకు ఎండి, వైరు తొడుగు ఒరుసుకుపోతుంది. అప్పుడు మోసే తీగకు కరెంటు పాకుతుంది. ఇంటిముందు దండెం కూడా ఇనుప తీగదే అయి, దాని కొస ఆ తీగ కట్టిన కొక్కేనికే కట్టి ఉంటే, వానలో తడిసిన బట్టలు తీయబోయిన ఇల్లాలికి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆమెను పట్టుకొని లాగబోయిన భర్త, తల్లి అని పరుగెత్తిన బిడ్డ కూడా పోయిన సంగతులు మనం పత్రికల్లో చదివాం. దండేనికి నైలాను తాడు వాడండి. దానిని సర్వీసు వైరుకూ, రేకుల కప్పుకూ, కరెంటు స్తంభానికీ దూరంగా కట్టండి. ఈ ఒక్క పని ఈ రోజే చేయవచ్చు, ఖర్చు కొద్ది రూపాయలు.

న్యూట్రలు రానప్పుడు ఎర్తు నుండి న్యూట్రలు తీసే అలవాటు కూడా ఊళ్లలో ఉన్నది. దీపం వెలుగుతుంది, నిజమే. కాని ఆ కరెంటు అంతా ఇంటి ఎర్తు గుంతగుండా నేలలోకి పోతుంటుంది. నేల ఎండి అది సరిగా పోలేకపోతే, ఇంట్లో ఎర్తు కలిసిన ప్రతి ఇనుప వస్తువుకూ కరెంటు ఎక్కుతుంది. కాపలావాని చేతికి మనమే కత్తి ఇచ్చినట్లు. బోరింగు గొట్టానికి ఎర్తు తీగ చుట్టడం కూడా ఇటువంటిదే. నీళ్లకు వచ్చినవారందరూ ముట్టుకొనే గొట్టం అది.

మందిరంలోను, పండుగలోను

క్రిస్మసు నక్షత్రం కట్టడానికి యౌవనస్థులు చూపే ఉత్సాహం చూడముచ్చటగా ఉంటుంది. అయితే నక్షత్రానికి ఇనుప గొట్టం నిలబెట్టేముందు తల ఎత్తి చూడండి. వీధిలో పోయే పై లైనులో 11,000 వోల్టులు ఉండవచ్చు. ఆ తీగకు తగలకపోయినా, బాగా దగ్గరికి పోతే చాలు. వెదురు బొంగు కూడా తడిసి ఉంటే నమ్మదగినది కాదు. అతుకుల తీగను రేకుల కప్పుమీదుగా లాగవద్దు. అతుకు ఒలిచిందంటె కప్పంతా కరెంటే. కాగితపు నక్షత్రంలో పాతకాలపు 100 వాట్ల బల్బు పెడితే కాగితం అంటుకొంటుంది. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చాలు.

ఉజ్జీవ కూటాల్లో మైకు పట్టుకొని పాడే సహోదరి పెదవికి జివ్వుమని తగిలితే, వెంటనే పాట ఆపించి ఆంప్లిఫయరు ప్లగ్గు చూడాలి. మైకు చుట్టూ రుమాలు చుట్టి పాట కొనసాగించడం భక్తి కాదు. తడి నేలమీద వేసిన పందిరిలో, జనరేటరు దగ్గర, ఎర్తు కడ్డీ పాతకుండా కూటం మొదలుపెట్టవద్దని పెద్దలు పట్టుపట్టాలి.

"ప్రభువు కాపాడతాడులే అన్నా" అని ఎవరైనా అంటారు. కాపాడతాడు. కాని దేవాలయ శిఖరంనుండి దూకితే దూతలు పట్టుకొంటారు కదా అని చెప్పినవాడెవడో, ఆ మాటకు యేసుప్రభువు ఏమని జవాబిచ్చాడో మనకు తెలుసు.

ఏమి చేయించాలి?

మొదటిది ఎర్తు గుంత. ఇంటి గోడకు కొంచెం దూరంగా, తేమ నిలిచే చోట, రెండున్నర మీటర్ల పొడవు గల జి.ఐ. గొట్టాన్ని నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపుతారు. వేసవిలో దానిలో నీళ్లు పోస్తూ ఉండాలి. మొక్కలకు పోస్తాం గాని దీనికి పోయడం మరచిపోతాం. గుంత ఒక్కటే చాలదు, అక్కడి నుండి ప్రతి సాకెట్టు పైరంధ్రం వరకు తీగ రావాలి. చాలా ఇండ్లలో బోర్డుకు మూడు రంధ్రాల సాకెట్టు బిగించి, పైదానికి తీగ ఇవ్వకుండా వదిలేస్తారు. వైరింగు మేస్త్రీని ఒక్క పూట పిలిచి ప్రతి సాకెట్టు పరీక్షించమనండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూస్తే అతనికి వెంటనే తెలుస్తుంది. ఈ పరీక్ష మీరు చేయవద్దు.

రెండవది ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి. మన ఇండ్లలో ఇప్పుడు ఎక్కువగా ఉన్న ఎం.సి.బి. వేరు, ఇది వేరు. ఎం.సి.బి. వైర్లు కాలకుండా చూస్తుంది, ఇది మనిషిని చూస్తుంది. ఎలాగంటె, గొర్రెల దొడ్డి వాకిట నిలబడ్డ కాపరిని తలచుకొనండి. ప్రొద్దున ఎన్ని బయటికి పోయాయో సాయంత్రం అన్ని తిరిగి రావాలి. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రలులో అంతా తిరిగి రాకపోతే, కొంత ఎవరి ఒంటిగుండానో నేలలోకి పోతున్నదని ఈ స్విచ్చి గ్రహిస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడోవంతు కూడా కాకముందే కరెంటు ఆపేస్తుంది. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. అంతకు పెద్దవి మనుష్యుల రక్షణకు చాలవు. దాని ఖరీదు ఒక కుటుంబం పండుగ బట్టల ఖర్చును మించదు. దానిమీద పరీక్ష బటను ఉంటుంది. నెలకొకసారి నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే మార్పించాలి. ఇది ఉన్నా ఫేజును ఒక చేత్తో, న్యూట్రలును ఒక చేత్తో పట్టుకొన్నవానిని ఇది రక్షించలేదు. కనుక ఎర్తు తీగ అవసరం దీనితో తీరిపోదు.

ఎవరికైనా షాకు కొడితే

ముట్టుకొనవద్దు. మొదట మెయిన్ ఆపండి. మెయిన్ దూరమైతే ఎండిన కర్రతోనో ప్లాస్టిక్కు కుర్చీతోనో వైరును, లేదా మనిషిని తప్పించండి. మీ కాళ్లకింద పొడిగా ఉండాలి. పెద్ద లైను తెగి పడితే అసలు దగ్గరికి పోవద్దు, ఎవరినీ పోనివ్వవద్దు. 1912కు ఫోను చేసి లైను ఆపించాలి. మనిషి విడిపడ్డాక పిలిచి చూడండి. పలుకక, ఊపిరి తీయకపోతే 108కి ఒకరు ఫోను చేయాలి. ఇంకొకరు అతనిని వెల్లకిల పడుకోబెట్టి, ఛాతీ నడిమధ్య రెండు చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండంగుళాల లోతు దిగేటట్లు నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. వాహనం వచ్చేవరకు ఆపకూడదు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. అరచేతులు, అరికాళ్లు రుద్దుతూ, మొహాన నీళ్లు చల్లుతూ కూర్చుంటే ఆ కొద్ది నిమిషాలు పోతాయి. ప్రార్థించేవారు ప్రార్థించండి, నొక్కేవారి చేతులు మాత్రం ఆగకూడదు.

లేచి కూర్చుని "నాకేమీ కాలేదు" అన్నవారిని కూడా ఆసుపత్రికి తీసికొని పోవాలి. పైన చిన్న కాలిన మచ్చే కనబడినా లోపల కండరాలు ఎక్కువగా కాలి ఉండవచ్చు, గుండె లయ తప్పి ఉండవచ్చు. ఇ.సి.జి. తీసి చూస్తే తెలుస్తుంది. షాకు కొట్టిన ఆ సామాను ప్లగ్గు తీసి ఎత్తయిన చోట పెట్టండి. మేస్త్రీ వచ్చి విప్పి చూచేవరకు ఇంట్లో ఎవరూ దానిని తిరిగి తగిలించకుండా తీగను దానికే చుట్టి ముడివేసి ఉంచండి.